రూమ్ ఈక్యూ విజర్డ్: గది చేసే తప్పును గీత గీసి చూపే సాఫ్ట్‌వేర్

ఇంట్లో పాట బాగా వినిపించకపోతే మనం మొదట ఆంప్లిఫయర్‌ను, తర్వాత వైర్లను అనుమానిస్తాం. గది జోలికి పోము. నా చేత గదిని అనుమానింపజేసింది జాన్ మల్కాహీ రూపొందించిన రూమ్ ఈక్యూ విజర్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. దీనికి తోడుగా నేను కొన్నది మినీడీఎస్పీ వారి యూమిక్-1 మైకు ఒక్కటే. ప్రతి మైకుకూ దాని సీరియల్ నంబరును బట్టి విడిగా దిద్దుబాటు ఫైలు ఇస్తారు కనుక ఆ కొలతను నమ్మవచ్చు.

మైకును మనం కూర్చునే చోట చెవి ఎత్తులో నిలిపి, సీలింగ్ ఫ్యాను ఆపి, ఒక్కో స్పీకరును విడిగా కొలవాలి. మంద్రం నుంచి తారం దాకా సాగే ఒక ధ్వనిని సాఫ్ట్‌వేర్ పంపుతుంది; గది దానిని ఎక్కడ పెంచిందో, ఎక్కడ మింగిందో గీతలో కనిపిస్తుంది.

నన్ను చాలాకాలం వేధించిన లోపం మృదంగం తొప్పి (మంద్రంగా పలికే ఎడమవైపు ముఖం) నాదం పలచబడటం. గీతలో 94 హెర్ట్జ్ (సెకనుకు 94 కంపనాలు) దగ్గర లోతైన గుంట కనిపించింది. స్పీకర్లు తమ వెనక ఉన్న గోడకు 3 అడుగుల దూరంలో ఉన్నాయి. గోడకు వెళ్లి తిరిగి వచ్చే ధ్వని 6 అడుగులు అదనంగా ప్రయాణిస్తుంది, అది 94 హెర్ట్జ్ తరంగంలో సరిగ్గా సగం పొడవు కాబట్టి నేరుగా వచ్చే ధ్వనికి ఎదురై దానిని చంపేస్తుంది. ఒక్కో స్థాయి ధ్వనిని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్‌తో ఈ గుంటను పూడ్చలేము, ఎందుకంటే ఎంత పెంచినా గోడ నుంచి వచ్చే ధ్వని కూడా అంతే పెరుగుతుంది. గోడకు ఎంత దూరమైతే అంత మంచిదని అంతవరకు నమ్మిన నేను, ఆ నమ్మకాన్ని పక్కన పెట్టి స్పీకర్లను అడుగున్నర దూరానికి వెనక్కి జరిపాను. గుంట 188 హెర్ట్జ్ వైపు జరిగింది. అక్కడ 4 అంగుళాల మందం గల రాక్‌వూల్ (రాతి నార) పలకలు దానిని చాలావరకు అదుపు చేశాయి. తొప్పి నాదం తిరిగి వచ్చిన ఆ సాయంత్రం నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

అంతకుముందు ఒక దుకాణదారు మాట నమ్మి గోడలకు అంటించిన అంగుళం మందం ఫోమ్‌ను తీసి కొలిచినా, పెట్టి కొలిచినా, మంద్ర స్థాయిలో గీత వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఇటుక గోడలు, టైల్స్ నేల ఉన్న మన ఇళ్లలో మంద్ర ధ్వని బయటికి పోక లోపలే తిరుగుతుంది. దానిని ఆపడానికి మందం కావాలి.

లోపాలూ ఉన్నాయి. గదిలో ఏమి మార్చాలో ఈ సాఫ్ట్‌వేర్ చెప్పదు. కొత్తవారు ఇందులోని అనేక గ్రాఫులను చూసి బెదిరిపోతారు. మొదట 20 నుంచి 300 హెర్ట్జ్ వరకు స్మూతింగ్ (గీతను నునుపు చేయడం) లేకుండా చూస్తే చాలు, స్మూతింగ్ వాడితే గుంటలు కప్పబడిపోతాయి. కొలతలు ఇస్తే ధ్వనిని అంచనా వేసే ఇందులోని గది నమూనా దీర్ఘచతురస్రాకారపు గదులకే పనికివస్తుంది కాబట్టి, హాలూ డైనింగూ కలిసిన మన ఫ్లాట్లకు సరిపోదు.

14 అడుగుల పొడవు వల్ల నా గదిలో 40 హెర్ట్జ్ దగ్గర ఏర్పడిన ఉబ్బు మాత్రం, సోఫాను దాని వెనక ఉన్న గోడ నుంచి రెండున్నర అడుగులు ముందుకు జరిపినా పూర్తిగా పోలేదు. గుంట కాక ఉబ్బు కనుక, మిగిలినదానిని ఈక్వలైజర్‌తో 4 డెసిబెల్స్ తగ్గించాను.