6 లక్షలా, 3.6 లక్షలా, ఇంటి దగ్గర 18 వేలా: ఏది మేలు?

మా అక్క కూతురు భీమవరంలో ఈ ఏడాదే బీటెక్ పూర్తి చేసింది. చేతిలో మూడు ఉద్యోగాలున్నాయి. వాళ్ల సెక్షన్‌లో సగం మందికి ఇంకా ఒక్కటీ రాలేదు కాబట్టి ఇది అదృష్టమే. అయినా పాలకొల్లు దగ్గర వాళ్లింట్లో పది రోజులుగా ఒకటే టెన్షన్. "మావయ్యా, ఏది ఒప్పుకోమంటావు?" అని ఫోన్ చేసింది. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాణ్ని. ఫోన్‌లో తేల్చే మాట కాదనిపించి, శుక్రవారం రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

మొదటిది పేరున్న పెద్ద సర్వీస్ కంపెనీ, అంటే వేరే సంస్థలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేది, ఏడాదికి 3.6 లక్షలు. రెండోది బెంగళూరులో రెండు వందల మంది ఉన్న కంపెనీ, 6 లక్షలు. మూడోది భీమవరంలోనే పన్నెండు మంది పనిచేసే ఆఫీసు, నెలకు 18 వేలు.

6 లక్షలంటే నెలకు 50 వేలని మా బావగారు అప్పటికే లెక్క కట్టేశారు. ఆయనకు రొయ్యల చెరువు ఉంది. అందుకే ఆయన భాషలోనే చెప్పాను: "బావగారూ, ఏజెంటు ఫోన్‌లో చెప్పేది 30 కౌంటు, అంటే కిలోకి 30 తూగే పెద్ద రొయ్య రేటు. మన చెరువులో పట్టింది 80 కౌంటైతే చేతికొచ్చేది వేరు కదా. సీటీసీ, అంటే కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, కూడా అంతే." ఆ తర్వాత కాగితం మీద లెక్క వేశాం.

ఆ 6 లక్షల్లో 90 వేలు వేరియబుల్. ఏడాది చివర, కంపెనీ లాభాన్ని బట్టి ఇస్తారు. 50 వేలు జాయినింగ్ బోనస్. ఒకసారి వస్తుంది, రెండేళ్ల లోపు మానేస్తే తిరిగి కట్టాలి. ఇక మిగిలింది 4.6 లక్షలు, అంటే నెలకు 38 వేల 300. అందులో బేసిక్, అంటే మూల జీతం, 20 వేలు. బేసిక్‌లో 12 శాతం, అంటే 2,400, పిల్ల వాటా పీఎఫ్. కంపెనీ వాటా 2,400 కూడా సీటీసీలోనే కలిపారు. బేసిక్ మీద 4.81 శాతం చొప్పున గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే సొమ్ము, మరో 960. వృత్తి పన్ను 200. ఇన్‌కమ్ ట్యాక్స్ బాధ మాత్రం లేదు, కొత్త పద్ధతిలో ఈ జీతానికి ఏమీ పడదు. చివరికి చేతికొచ్చేది 32 వేల 400 దాకా. 3.6 లక్షల ఆఫర్‌ని ఇలాగే విడదీస్తే 25 వేలు వచ్చింది. వినడానికి నెలకు 20 వేల తేడా, చేతిలో 7 వేలే.

బెంగళూరులో పీజీ హాస్టల్‌కి, తిండికి 12 వేలు, పైఖర్చులు 6 వేలు అనుకుంటే 14 వేలు మిగులుతాయి. పెద్ద కంపెనీలో చేరి హైదరాబాద్‌లో ఉంటే హాస్టల్ 8 వేలు, పైఖర్చు 4 వేలు పోగా 13 వేలు. ఇంటి దగ్గరైతే బస్సుకీ, చిల్లర ఖర్చులకీ 2 వేలు తీసేసినా 16 వేలు. అన్నిటికంటే తక్కువ జీతమున్న చోటే ఎక్కువ మిగులుతోంది! అక్క ముఖం వెలిగిపోయింది. కూతురు కళ్లముందే ఉంటుందని ఆశ.

ఆ ఆశ మీద నీళ్లు చల్లడం నాకూ కష్టమే అయింది. ఆ ఆఫీసులో పని పాత వెబ్‌సైట్లకు మార్పులు చేసిపెట్టడం. నేర్పేవాళ్లు లేరు. ఇరవై మంది కూడా లేని సంస్థ కాబట్టి పీఎఫ్ కట్టడం తప్పనిసరి కాదు, కట్టడం లేదు కూడా. రేపు వేరే కంపెనీకి వెళ్తే అనుభవం నిజమా కాదా అని చూసేటప్పుడు చాలామంది ముందు అడిగేది పీఎఫ్ రికార్డే. అది లేకపోతే జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని తిరగాలి. రెండేళ్లు పనిచేసినా ఫ్రెషర్‌లాగే చూస్తారేమో అన్నది నా భయం.

బావగారి మనసు పెద్ద కంపెనీ మీదుంది. గవర్నమెంటు ఉద్యోగమంత భద్రం అని ఆయన నమ్మకం. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. టీసీఎస్ లాంటి సంస్థే 2025 జూన్‌లో ఏడాదికి 35 రోజుల కంటే ఎక్కువ బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా, ఉండకూడదని నియమం పెట్టింది, జులైలో 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామని చెప్పింది. పేరు పెద్దదైతే రెజ్యూమెకి బలం, అది నిజం. కానీ ఈ ఆఫర్ లెటర్‌లో చేరే తేదీ లేదు. "బిజినెస్ అవసరాన్ని బట్టి తెలియజేస్తాం" అని ఉంది. 2023 ఫిబ్రవరిలో విప్రో, 6.5 లక్షల ఆఫర్ ఇచ్చి ఎదురుచూడమన్న ఫ్రెషర్లనే 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. తేదీ లేని ఆఫర్‌ని నేను ఆఫర్‌గా లెక్కపెట్టను.

పైగా ఎదురుచూపు ఊరికే పోదు. చదువు చివరి ఏడాది ఫీజుకీ, లాప్‌టాప్‌కీ కలిపి బావగారు 2 లక్షలు తెచ్చారు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 4 వేలు. ఆరు నెలలు పిలుపు రాకపోతే 24 వేలు వడ్డీకే పోతాయి.

అందుకే నా మొగ్గు బెంగళూరు వైపు. మిగిలే డబ్బు మిగతావాటితో దాదాపు సమానమే. అక్కడ చేరే తేదీ ఉంది, జావా బ్యాకెండ్ మీద, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాముల మీద, మొదటి నెల నుంచే పని ఉంది, ఇంటర్వ్యూ చేసిన సీనియరే టీమ్ లీడ్. వేరియబుల్ సున్నా అనుకునే ఒప్పుకోమన్నాను. నాకు నచ్చనిది ఒక్కటే, రెండేళ్ల బాండ్. మధ్యలో వదిలేస్తే బోనస్‌తో పాటు లక్షన్నర కట్టాలట. డబ్బు బాండ్‌ని భరించవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. నా మొదటి ఉద్యోగంలో అవి ఇచ్చేసి, మంచి అవకాశం వచ్చినప్పుడు ఎనిమిది నెలలు కదల్లేకపోయాను.

ఒరిజినల్స్ అడుగుతారా, చూసి వెంటనే ఇచ్చేస్తారా అని ఆదివారం సాయంత్రం పిల్ల చేతే హెచ్‌ఆర్‌కి మెయిల్ రాయించాను. చూసి ఇచ్చేస్తామని రాతపూర్వకంగా వస్తే వచ్చే నెల ఒకటిన చేరుతుంది. ఉంచుకుంటామంటే, పెద్ద కంపెనీ తేదీ చెప్పేవరకు భీమవరం ఆఫీసులో పనిచేస్తుంది. ఈ మాటకు బావగారు కూడా సరేనన్నారు.