ఆన్ ఆర్బరా, హ్యూస్టనా? మిషిగన్ ఛాంపియన్ అయిన ఏడాది చూసిన రెండు మ్యాచ్‌లు

2023 సీజన్‌లో మిషిగన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచి, 1997 తర్వాత మళ్లీ జాతీయ ఛాంపియన్ అయింది. అందులో రెండు నేరుగా చూశాం: నవంబర్ 25న మిషిగన్ సొంతూరు ఆన్ ఆర్బర్‌లో, చిరకాల ప్రత్యర్థి ఒహాయో స్టేట్ యూనివర్సిటీతో జరిగినది, 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో ఫైనల్. ఒక్కదానికే బడ్జెట్ ఉందంటే కళ్లు మూసుకుని ఆన్ ఆర్బర్ వెళ్లండి.

సుఖం మాత్రం ఆశించకండి. మ్యాచ్ ఉన్న వీకెండ్‌లో మేం అడిగిన హోటళ్లన్నీ రెండు రాత్రులు తీసుకుంటేనే గది అన్నాయి. మాకు దొరికిన గదిలో హీటర్ సరిగ్గా పనిచేయలేదు. ఫిర్యాదు చేస్తే ఇంకో దుప్పటి ఇచ్చి చేతులు దులుపుకున్నారు. దానికన్నా దగ్గర్లోని కాంటన్ ఊళ్లో దిగడం మేలు, ఇడ్లీ, దోసెలకు కరువుండదు.

స్టేడియం చాలావరకు నేలలోకి తవ్వి కట్టారు. బయటి నుంచి ‘ఇంతేనా’ అనిపిస్తుంది, గేటు దాటాక కింద లక్షకు పైగా జనం! హ్యాండ్‌బ్యాగ్ కూడా లోపలికి రానివ్వలేదు కాబట్టి మా ఆవిడది కారులోనే ఉండిపోయింది. వీపు ఆన్చుకోవడానికి ఏమీ లేని అల్యూమినియం బెంచీలు. చలికోట్లతో అందరూ కూర్చుంటే, లేచినవాడికి మళ్లీ చోటు దొరకదు. అయినా ఎవరు కూర్చున్నారు గనక!

మూడో క్వార్టర్‌లో మిషిగన్ ఆటగాడు జాక్ జింటర్ కాలు విరిగింది. అంతమందీ ఒక్కసారిగా మూగబోయారు. ఆ వెంటనే అతని సహచరుడు బ్లేక్ కోరమ్ బంతితో 22 గజాలు పరిగెత్తి, అవతలి చివరి గీత దాటించి టచ్‌డౌన్ కొట్టి, వేళ్లతో జింటర్ జెర్సీ నంబరు 65 చూపించాడు. నా పక్కనున్న పెద్దాయన, ముక్కూమొహం తెలియని మనిషి, నన్ను వాటేసుకున్నాడు. చివర్లో ఒహాయో స్టేట్ విసిరిన బంతిని మనవాడు రాడ్ మూర్ మధ్యలోనే అందుకోవడంతో 30-24తో గెలిచాం. జనం మైదానంలోకి దూకారు. కారు తీయడానికి తొందరపడకండి, ట్రాఫిక్ నరకం.

హ్యూస్టన్‌లో అన్నీ సౌకర్యాలే. డాలర్ పావలాకి స్టేడియం దాకా రైలు, పైన కప్పు, వీపు ఆనే సీట్లు. టికెట్ ధరకే గుండె జారింది. మొదటి క్వార్టర్‌లోనే మిషిగన్ ఆటగాడు డోనోవన్ ఎడ్వర్డ్స్ రెండుసార్లు చాలా దూరం పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు, చివరికి వాషింగ్టన్ యూనివర్సిటీ మీద 34-13తో గెలిచాం. ట్రోఫీ వచ్చింది, సంతోషమే. కానీ అది ఎవరి ఊరూ కాదు, ఆ సందడి లేదు.

వెళ్లేవాళ్లకు ఒక మాట: ఒహాయో స్టేట్ మ్యాచ్ ఆన్ ఆర్బర్‌లో జరిగేది బేసి సంవత్సరాల్లోనే. సరి సంవత్సరాల్లో ఒహాయో స్టేట్ ఊరు కొలంబస్ వెళ్లాల్సిందే.