యూరోపా యూనివర్సాలిస్ 4లో రిపబ్లిక్‌లు: రాజు లేని రాజ్యం ఆడితే ఏం లాభం, ఏం నష్టం?

యూరోపా యూనివర్సాలిస్ 4 అంటే చరిత్రలోని ఏదో ఒక దేశాన్ని ఎంచుకుని శతాబ్దాల పాటు నడిపించే కంప్యూటర్ గేమ్. మనవాళ్లు ఈ గేమ్ మొదలుపెడితే ముందు నొక్కేది విజయనగరాన్నే. నేనూ అంతే. 1444 నవంబర్ 11న ఆట మొదలయ్యేసరికి రెండో దేవరాయలు సింహాసనం మీద ఉంటాడు, ఉత్తరాన బహమనీలు కాచుకుని ఉంటారు. రాజు ఎప్పుడు పోతాడో తెలియదు. కొడుకు పుడతాడో లేదో, పుట్టినా తెలివైనవాడవుతాడో దద్దమ్మ అవుతాడో చెప్పలేం. వారసుడు పసివాడైతే పెద్దయ్యేదాకా పాలకమండలి పాలన, అంతకాలం మన తరఫున యుద్ధం ప్రకటించడానికి వీల్లేదు. ఈ టెన్షన్ పడలేక వెనిస్‌కి మారాను. కొన్నేళ్లుగా ఎక్కువ ఆడింది రిపబ్లిక్‌లే: వెనిస్, రగూసా, నొవ్‌గొరొడ్, డచ్చివాళ్లు. రాజరికం కంటే ఇవి మేలా అని అడిగితే, చిన్న దేశానికి మేలు, పెద్ద దేశానికి కాదు అంటాను.

ముందు ఎలక్షన్ల సంగతి, ఎందుకంటే ఆట కిటుకంతా అక్కడే ఉంది. ఈ గేమ్‌లో ప్రతి పాలకుడికీ పరిపాలన, దౌత్యం, సైన్యం అని మూడు సామర్థ్యాలు ఉంటాయి, ఒక్కోటి 0 నుంచి 6 దాకా. నెలనెలా వాటిని బట్టే మనకు పాయింట్లు వస్తాయి. టెక్నాలజీ కొనాలన్నా, గెలిచిన ఊళ్లను సొంతం చేసుకోవాలన్నా ఆ పాయింట్లే ఖర్చు పెట్టాలి. రాజు ఎలాంటివాడొస్తాడన్నది లాటరీ. రిపబ్లిక్‌లో అలా కాదు. మామూలుగా నాలుగేళ్లకోసారి ముగ్గురు అభ్యర్థులు నిలబడతారు. ఒక్కొక్కరికి తన రంగంలో 4, మిగతా రెండింటిలో 1. అంటే 4/1/1.

లెక్క చూడండి. మొత్తం ఆరే. ఓ మోస్తరు రాజుకి 3/3/3 ఉన్నా తొమ్మిది. నీతిగా నాలుగేళ్లకో కొత్త మనిషిని ఎన్నుకుంటూ పోతే రాజుల కంటే ఎప్పుడూ వెనకే ఉంటాం. అసలు లాభం ఉన్న పాలకుణ్నే మళ్లీ గెలిపించడంలో ఉంది. గెలిచిన ప్రతిసారీ మూడు సామర్థ్యాలూ ఒక్కో మెట్టు పెరుగుతాయి. రెండోసారికి 5/2/2, మూడోసారికి 6/3/3, నాలుగోసారికి 6/4/4. ఇలాంటి రాజు పుట్టాలంటే చాలా అదృష్టం ఉండాలి. ఇక్కడ మనమే తయారు చేసుకుంటాం.

దానికి కట్టే మూల్యం పేరు రిపబ్లికన్ ట్రెడిషన్, అంటే దేశంలో రిపబ్లిక్ సంప్రదాయం ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె. నిండుగా ఉంటే 100. అదే మనిషిని మళ్లీ గెలిపిస్తే సుమారు 10 పోతుంది. ఏటా కొద్దికొద్దిగా తిరిగి పెరుగుతుంది గానీ, పోయినంత వేగంగా రాదు. 20 కంటే కిందికి జారితే నియంతృత్వం వచ్చే ప్రమాదం, ఆ తర్వాత రాజరికమే. నేనైతే 60 దగ్గర ఆపేసి, రెండు విడతలు కొత్తవాళ్లకు అవకాశమిచ్చి కోలుకోనిస్తాను. ఒకే మనిషి పదే పదే గెలిస్తే రిపబ్లిక్ లోపల్లోపల రాజ్యంగా మారిపోతుందన్న సంగతిని ఇంత సులువైన అంకెలో పట్టుకోవడం నాకు భలే నచ్చింది. ఫ్లోరెన్స్‌లో జరిగింది అదే కదా. కోసిమో మెదిచి 1434లో ప్రవాసం నుంచి తిరిగొచ్చి, ఏ బిరుదూ పెట్టుకోకుండానే నగరాన్ని నడిపించాడు. 1532కల్లా ఆ ఇంటివాళ్లు బాహాటంగా డ్యూకులైపోయారు.

కాకపోతే వెనిస్ దగ్గర ఈ అమరిక చరిత్రకు సరిపోదు. అక్కడి డోజ్‌ని, అంటే రిపబ్లిక్ అధినేతని, ఒకసారి ఎన్నుకుంటే చచ్చేదాకా ఆయనే. 1268 నుంచి నడిచిన ఎన్నిక పద్ధతయితే చీట్లు తియ్యడం, పేర్లు ప్రతిపాదించడం, మళ్లీ చీట్లు తియ్యడం, అలా విడతలు విడతలుగా సాగేది. ఏ ఒక్క కుటుంబమూ చక్రం తిప్పకూడదని చేసిన ఏర్పాటు. ఆట మొదట్లో కుర్చీలో ఉండే ఫ్రాన్సెస్కో ఫోస్కారి 1423 నుంచి 1457 దాకా డోజ్‌గా ఉన్నాడు. చివరికి పదిమంది మండలి పట్టుబట్టి దింపేసింది. గేమ్‌లో మాత్రం ఆయన్ని నాలుగేళ్లకోసారి మనం గెలిపించాలి. చరిత్ర చదివినవాళ్లకు ఇది పంటి కింద రాయిలా తగులుతుంది.

ఇంకో బాధ, చావు. కష్టపడి ట్రెడిషన్ ఖర్చు పెట్టి 6/4/4 చేసిన మనిషి గెలిచిన ఏడాదే పోతాడు. మళ్లీ 4/1/1 దగ్గర్నుంచి మొదలు. అందుకే అభ్యర్థుల్లో ముందు వయసు చూస్తాను, ఆ తర్వాతే రంగం.

డబ్బు విషయంలో ఫిర్యాదే లేదు. గేమ్‌లో వ్యాపారం ఒక నోడ్ (వ్యాపార కూడలి) నుంచి ఇంకో నోడ్‌కి పారుతుంది. వెనిస్, జెనోవా, ఇంగ్లిష్ చానల్ అనే మూడు చోట్ల మాత్రం ఆ పారుదల ఆగిపోతుంది. అక్కడికి చేరిన సొమ్మును వేరేవాళ్లు ముందుకు లాక్కుపోలేరు. వర్తక రిపబ్లిక్‌లకు వ్యాపారంలో ఎలాగూ అదనపు బలం ఉంటుంది, పైగా వెనిస్ కూర్చున్నదే గమ్యస్థానం మీద. అలెగ్జాండ్రియాలో పట్టు సంపాదిస్తే ఎర్ర సముద్రం మీదుగా వచ్చే సరుకు విలువంతా మన గల్లాపెట్టెకే. తర్వాతి శతాబ్దంలో పోర్చుగల్ లాంటివాళ్లు ఆఫ్రికా చుట్టూ తిరిగి ఇండియాకు చేరి ఆ ప్రవాహాన్ని పడమటికి మళ్లిస్తే ఆదాయం తగ్గడం కళ్లారా కనపడుతుంది. 1498లో వాస్కో డ గామా కోళికోడ్ చేరాక నిజంగా వెనిస్ వర్తకులకు పట్టుకున్న గుబులు ఇదే.

నష్టాల్లో అన్నిటికంటే పెద్దది పెళ్లి. రిపబ్లిక్‌కు రాజవంశం లేదు కాబట్టి వియ్యం అందుకోవడం కుదరదు. వియ్యం లేకపోతే పొత్తులు కుదుర్చుకోవడానికి ఒక మంచి దారి మూసుకుపోయినట్టే. ఇంకొకరి సింహాసనం మీద హక్కు అడగలేం, ఒక్క బాణం వెయ్యకుండా రాజ్యాన్ని కలుపుకునే యోగమూ ఉండదు. 1477లో బర్గండీ డ్యూక్ చార్లెస్ నాన్సీ దగ్గర యుద్ధంలో చచ్చిపోతే, ఆయన కూతురి పెళ్లితో ఆ సంపన్న నేలలో ఎక్కువ భాగం ఆస్ట్రియాని ఏలే హాబ్స్‌బర్గ్‌ల చేతికొచ్చింది. గేమ్‌లోనూ ఆస్ట్రియాకి ఆ అవకాశం ఉంది. పక్కనే వెనిస్‌గా కూర్చుని చూస్తుంటే ఒళ్లు మండుతుంది.

విస్తరణ కూడా చిక్కే. వర్తక రిపబ్లిక్ ఓ హద్దు దాటి నేల పెంచుకుంటే ట్రెడిషన్ దెబ్బతింటుంది. 1610 ప్రాంతంలో నిరంకుశత్వ యుగం మొదలయ్యాక ఇంకా ఇబ్బంది. అప్పట్నుంచి పెద్ద రాజ్యాలకు బలమిచ్చే అబ్సల్యూటిజం రిపబ్లిక్‌లకు రాజరికాలంత దక్కదు. ప్రపంచపటమంతా ఒకే రంగు చెయ్యాలనుకునేవాళ్లు ఇక్కడికి రాకపోవడమే మంచిది. 2018లో ధర్మ అనే డీఎల్సీ (గేమ్‌కి విడిగా కొనుక్కునే అదనపు భాగం)తో పాటు ప్రభుత్వ సంస్కరణలు వచ్చాయి, వాటి చివరి మెట్టులో రాజరికాన్ని రిపబ్లిక్‌గా మార్చుకోవచ్చు. విజయనగరంతో సరదాకి చేసి చూశాను. అక్కడిదాకా వచ్చేసరికి దేశం పెద్దదైపోయి, మారినందుకు ఒరిగేదేమీ కనపడలేదు.

వర్తక రిపబ్లిక్‌లో కులీనులు, వర్తకులు, గిల్డులు అని మూడు వర్గాలు ఉంటాయి. వర్తకులను పైన పెట్టి వదిలెయ్యడమే నేను చేసేది. ఆ భాగం చప్పగా ఉంటుంది.

చిన్న రిపబ్లిక్‌ల దగ్గరికొస్తే ఆట రుచే వేరు. ఉత్తర జర్మనీలోని డిత్‌మార్షెన్ ఒక రైతుల రిపబ్లిక్. 1500లో హెమింగ్‌స్టెట్ దగ్గర డెన్మార్క్ రాజు సైన్యాన్ని అక్కడి రైతులు చిత్తుగా ఓడించారు. గేమ్‌లో పటం మీద చుక్కంత ఉంటుంది. అంత చిన్న దేశానికి తెలివిలేని వారసుడు పుడితే పని అయిపోయినట్టే. ఇక్కడ ఆ భయం లేకపోవడంతో ఇరవై ఏళ్ల ముందుకు ప్లాన్ వేసుకోవచ్చు. నొవ్‌గొరొడ్‌కి మాత్రం ఈ సౌకర్యం పెద్దగా అక్కరకు రాదు. పక్కనున్న మాస్కో అంత టైమివ్వదు. 1478లో మూడో ఇవాన్ ఆ నగరాన్ని కలిపేసుకుని, ప్రజాసభను పిలిచే గంటను కూడా మాస్కోకి పట్టుకుపోయాడు.

డచ్చి రిపబ్లిక్ నాకు అన్నిట్లోకీ ఇష్టం. అక్కడ స్టేటిస్టులు, ఆరంజిస్టులు అని రెండు పక్షాలు. మొదటి పక్షం చేతిలో ఉంటే మామూలు ఎన్నికలు, రెండోది వస్తే పాలకుడు జీవితకాలం ఉంటాడు. యుద్ధం వస్తే ఒకవైపు, శాంతి ఉంటే ఇంకోవైపు మొగ్గుతూ ఆడొచ్చు. 1672లో ఫ్రాన్స్ దండెత్తినప్పుడు స్టేటిస్టుల నాయకుడు యోహాన్ డె విట్‌ని సొంత జనమే చంపేసి, ఆరంజ్ వంశపు విలియమ్‌ని నెత్తిన పెట్టుకున్న కథకు ఇది బాగా దగ్గరగా ఉంది.

కొనేవాళ్లకు ఒక మాట. ఇవన్నీ అసలు గేమ్‌లోనే రావు, వేర్వేరు డీఎల్సీల్లో చెదిరి ఉంటాయి. వర్గాలు, డచ్చి పక్షాలు కావాలంటే 2014 నాటి రెస్ పబ్లికా చూడండి. పూర్తి ధరకు అన్నీ కొంటే జేబు ఖాళీ, తరచూ సేల్ పెడుతుంటారు కాబట్టి ఆగి కొనుక్కోండి. నెలవారీ చందా పద్ధతి కూడా ఉంది. 2025 నవంబర్‌లో ఐదో భాగం వచ్చినా, పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లకు నాలుగోదే నయం. అదీ ఆట చివరి శతాబ్దానికి వచ్చేసరికి కాస్త నత్తనడక నడుస్తుంది.