పొడుగు ఇంగ్లీషు వాక్యం: తిరగేసి చదవాలా, విరవాలా, వరసలో పోవాలా?

"ద బాయ్ హూ సోల్డ్ మీ ద మ్యాంగోస్ దట్ యు ఏట్ యెస్టర్‌డే లెఫ్ట్ ఫర్ కడప." ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. అయినా మొదటిసారి చదివితే కడప వెళ్ళింది ఎవరా అని ఆగిపోతాం.

తెలుగులో చెప్పి చూడండి: "నిన్న నువ్వు తిన్న మామిడిపళ్ళు నాకు అమ్మిన కుర్రాడు కడప వెళ్ళిపోయాడు." మనం వివరమంతా ముందు చెప్పి కుర్రాణ్ణి తర్వాత తెస్తాం. ఇంగ్లీషు కుర్రాణ్ణి ముందు నిలబెట్టి, వివరం వెనక తగిలిస్తుంది.

అందుకే మనలో చాలామందికి బళ్ళో అలవాటైన పద్ధతి తిరగేసి చదవడం. వాక్యం చివరిదాకా వెళ్ళి, వెనక్కి వస్తూ తెలుగు చేసుకోవడం. అర్థం సరిగ్గానే వస్తుంది, కాదనను. కానీ నాలుగు పంక్తుల వాక్యమైతే వెనక్కి వచ్చేసరికి మొదలు మరిచిపోతాం. ఎదుటివాడు మాట్లాడుతుంటే అసలు కుదరదు, చెవికి వెనక్కి తిరగడం తెలీదు కదా.

రెండోది విరవడం. క్రియలన్నీ ఏరండి: సోల్డ్, ఏట్, లెఫ్ట్. 'హూ' తన వెంట సోల్డ్‌ను తెచ్చుకుంది, 'దట్' ఏట్‌ను తెచ్చుకుంది. ఎవరికీ చెందకుండా మిగిలిన లెఫ్ట్ అసలు క్రియ. లెక్క బాగానే ఉంది గానీ ఇంగ్లీషు ఆ 'దట్'ను తరచూ మింగేస్తుంది: "ద మ్యాంగోస్ యు ఏట్". నామం పక్కనే ఇలా ఇంకో నామమో సర్వనామమో తగిలితే మధ్యలో 'దట్' దాగుందేమోనని అనుమానించాలి. భాషాశాస్త్రవేత్త థామస్ బెవర్ 1970లో ఇచ్చిన "ద హార్స్ రేస్డ్ పాస్ట్ ద బార్న్ ఫెల్" అనే వాక్యం ఇంగ్లీషువాళ్ళనే బోల్తా కొట్టిస్తుంది. రేస్డ్ అసలు క్రియ అనుకుంటాం, తీరా చూస్తే ఫెల్: కొట్టం పక్కగా పరిగెత్తించిన గుర్రం పడిపోయింది అని అర్థం. మనకైతే 'పరిగెత్తింది' వేరు, 'పరిగెత్తించిన' వేరు, ఆ గొడవే లేదు.

నా ఓటు మాత్రం మూడోదానికి, వరసలో పోవడానికి. ఇది తెలుగువాడికి కొత్తేమీ కాదు. అరుగు మీద కబుర్లలో మనం ఎలా అంటాం? "ఆ కుర్రాడు లేడూ, నాకు మామిడిపళ్ళు అమ్మాడే, అవే, నిన్న నువ్వు తిన్నావే, వాడు కడప వెళ్ళిపోయాడు." అచ్చం ఇంగ్లీషు వరసే! 'హూ' కనబడగానే మనసులో "లేడూ" అనుకుని ముందుకు సాగండి. రోజూ పేపరు చదవడానికి, వార్తలు వినడానికి ఇంతకు మించిన పద్ధతి నాకు దొరకలేదు.

చట్టం భాష దగ్గర మాత్రం ఇది చాలదు. మన రాజ్యాంగ ప్రవేశిక మొత్తం ఒకే వాక్యం. 'వుయ్, ద పీపుల్ ఆఫ్ ఇండియా' అని మొదలై, న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్నీ దాటి, 1949 నవంబరు 26 తేదీ చెప్పాక గానీ 'డూ హియర్‌బై అడాప్ట్' రాదు. అక్కడ విరవాల్సిందే. మధ్యలోని 'హావింగ్ సాలెమ్‌లీ రిజాల్వ్‌డ్' అసలు క్రియ కాదు, మన 'నిశ్చయించుకుని' లాంటిది. అది పట్టుకుంటే మిగతాదంతా క్రియ చివరన వచ్చే తెలుగు వాక్యంలాగే నడుస్తుంది.