విజయనగరంలో అకార్డియన్ రిపేరు: పాటగాళ్ల శ్రుతి తెలిసిన చెయ్యి

విజయనగరం కోట చుట్టుపక్కల హార్మోనియం పెట్టెలు బాగుచేసేవాళ్లు దొరుకుతారు. భుజాలకి తగిలించుకుని తిత్తి సాగదీస్తూ వాయించే అకార్డియన్‌ని విప్పి మళ్లీ సరిగ్గా బిగించేవాళ్లు మాత్రం అరుదు. ఈ చిన్న కొట్టు పెద్దాయన ఏళ్ల తరబడి జానపద బృందాలకి అకార్డియన్ వాయించినాయన. ఆ సంగతి రిపేరులోనే తెలిసిపోతుంది.

గాలి తగిలితే అదిరి పలికే సన్నటి లోహపు రేకులే రీడ్లు. ఒకే స్వరానికి రెండు రీడ్లు మోగే అకార్డియన్ పెట్టెల్లో ఒకటి సెకనుకి 440 సార్లు అదిరితే రెండోది 443, 444 దగ్గర ఉంటుంది. దాంతో నాదం సెకనుకి మూడు నాలుగుసార్లు ఊగుతుంది. విడిగా వాయిస్తే సొంపే. గొంతెత్తి రాగం లాగే పాటగాడి వెనక మాత్రం శ్రుతి నిలవదు. ఈయన రెండో రీడుని 441కి దింపి ఇస్తారు. రీడు మొదట్లో గీస్తే శ్రుతి దిగుతుంది, కొసన గీస్తే ఎక్కుతుంది. ఎక్కువ గీస్తే రీడు పాడైపోతుంది. అందుకే కాస్త గీసి, పెట్టెలో పెట్టి వింటారు, మళ్లీ తీస్తారు. చేతిలో పలికిన శ్రుతి పెట్టెలోకి వెళ్లాక మారుతుంది మరి.

మన తీరం గాలికి ఉక్కు రీడ్లు తుప్పు పడతాయి. హార్మోనియం ఇత్తడి రీడ్లకి ఆ బాధ తక్కువ. పెట్టెని ఎండలో వ్యాన్ మీద వదిలేస్తే రీడ్లని పట్టి ఉంచే మైనం మెత్తబడి స్వరం గరగరలాడుతుంది. ఈయన పైపైన అతకరు, పాత మైనమంతా గీకేసి తేనెమైనం, రోజిన్ అనే చెట్టు బంక కలిపి కొత్తగా పోస్తారు.

తీసుకునేటప్పుడు మీటలేవీ నొక్కకుండా, తిత్తి పట్టీలు విప్పి, కుడిచేతి వైపు పట్టుకుని పైకెత్తండి. ఎడమ భాగం నెమ్మదిగా దిగాలి. దభాలున జారితే ఎక్కడో గాలి పోతున్నట్టే, అక్కడే చెప్పండి.

లోపాలూ ఉన్నాయి. చీటీ రాసివ్వరు, రీడుకింత అని ముందే అడిగి ఖాయం చేసుకోవాలి. 120 బటన్ల పెట్టెలో ఎడమచేతి వైపు రిపేరుకి వారాలు పడుతుంది. దసరా తరవాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కాబట్టి, ఆ ముందర తెచ్చి తొందరపెడితే లాభం లేదు, భాద్రపదంలోనే ఇచ్చేయండి.

ఆయనకి సన్మానం చెయ్యాలని బృందాలవాళ్లు అనుకుంటున్నారు. శాలువా సంతోషమే. కానీ కొట్లో పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. 1919 నుంచీ సంగీత కళాశాల ఉన్న ఊరిది. వారానికో పూట ఆయన చేత అక్కడ రీడ్ల పని నేర్పిస్తే బాగుండును.