ఖాళీ పేజీలు నింపాలా, వదిలేయాలా?

హైదరాబాద్ శివార్లలో చూసిన పక్షుల్ని రాసుకునే నా పిట్టల పుస్తకంలో చివరిసారి రాసింది మొన్నటి దసరాకు కాదు, అంతకుముందు దసరాకు. "సాయంత్రం 5.10. అమీన్‌పూర్ చెరువు గట్టు. కరెంటు తీగ మీద పాలపిట్ట ఒకటి. కింద జనం దండాలు పెడుతున్నారు." అంతే. ఆ మర్నాడే నాన్న బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఆపరేషన్, తర్వాత ఇన్ఫెక్షన్, మళ్లీ ఆస్పత్రి, నెలల తరబడి ఫిజియోథెరపీ. పిట్టల్ని చూడటం మానేద్దామని నేనెప్పుడూ అనుకోలేదు. ఈ ఆదివారం వెళ్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకుంటుండగానే పదిహేను నెలలు గడిచాయి. ఒక వానాకాలం, ఒకటిన్నర చలికాలం.

మొన్న సంక్రాంతికి నాన్న చేతికర్రతో వాకిట్లోకి వచ్చి, ముగ్గు మీద నూకలు తింటున్న పిచ్చుకల్ని చూసి, "నీ పిట్టల పుస్తకం ఏదిరా?" అన్నారు. అటక మీంచి తీశాను. మళ్లీ ఎలా మొదలుపెట్టాలన్న తర్జనభర్జన అప్పుడు మొదలైంది. నాలాగే మధ్యలో ఆగినవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి, నేను ఎటూ తేల్చుకోలేక నలిగిన సంగతులు రాస్తున్నాను.

ముందు వచ్చిన ఆలోచన, పోయిన నెలలన్నీ ఎలాగోలా నింపేయాలని. అంతకుముందు ఐదేళ్లు వారం తప్పకుండా రాసినవాణ్ణి. మధ్యలో అంత ఖాళీ కనిపిస్తే ఊడిన పన్ను ఖాళీని నాలుకతో తడుముకున్నట్టు ఉంటుంది. పైగా ఏమీ చూడకుండా గడవలేదు కదా! ఆస్పత్రి నాలుగో అంతస్తు కిటికీలోంచి గద్దలు గిరికీలు కొట్టడం రోజూ చూశాను. మా బాల్కనీలో బట్టల తీగకు తేనెపిట్ట గూడు కట్టింది. కోకిల ఉగాదికి సరిగ్గా మొదలుపెట్టినట్టు బాగా గుర్తు. ఇవన్నీ రాసేస్తే పోలా?

రాయడానికి కూర్చున్నాను కూడా. ముందు ఫోన్ తీసి ఫొటోలు వెతికాను. గద్దలవి, తేనెపిట్ట గూడువి కలిపి ముప్పై ఎనిమిది దొరికాయి. ప్రతిదానికీ తేదీ, టైము ఉన్నాయి. బాగానే ఉంది. కోకిల దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. నాన్న మందుల గురించి చెల్లెలికి పంపిన ఒక వాయిస్ మెసేజ్‌లో నా గొంతు వెనకాల కోకిల స్పష్టంగా కూస్తోంది. ఆ మెసేజ్ ఫిబ్రవరి 19 నాటిది. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 9. అంటే నా "బాగా గుర్తు" ఏకంగా ఏడు వారాలు తప్పు.

ఎందుకు తప్పిందో ఆలోచిస్తే నవ్వొచ్చింది. కోకిల ఉగాదికే కూయాలని చిన్నప్పటి నుంచీ మన చెవిలో వేశారు. మనసు తేదీ గుర్తుపెట్టుకోలేదు, పంచాంగం చూసి రాసేసుకుంది. వేప పూత, మామిడి పిందె, తొలకరి, అన్నిటికీ ఇదే గతి. జ్ఞాపకంలోంచి నింపితే ఆ పేజీల్లో కనపడేది చెరువు కాదు, చెరువు ఎలా ఉండాలని నేననుకుంటానో అది.

ఇంకో చిక్కు దీనికంటే పెద్దది. చాతక పక్షి ఉంది కదా, నల్లగా తెల్లగా, తలమీద జుట్టుతో. ఆఫ్రికా నుంచి రుతుపవనాలకు కాస్త అటూ ఇటూగా మన వైపు వస్తుంది. ఐదేళ్లూ అది మొదటిసారి కనపడిన రోజు రాశాను. ఆరో ఏట ఏమీ లేదు. రేపు ఎవరైనా నా పుస్తకం తిరగేస్తే, ఆ ఏడు చాతకం రాలేదనుకోవచ్చు. అది వచ్చే ఉంటుంది, నేనే వెళ్లలేదు. "పిట్ట లేదు" వేరు, "నేను చూడలేదు" వేరు. ఖాళీ పేజీకి ఈ తేడా చెప్పడం రాదు. అందుకని ఖాళీని ఉత్త ఖాళీగా వదిలేయడం కూడా సరికాదనిపించింది.

చివరికి నేను చేసిందేమిటంటే, ఒక కొత్త పేజీ మీద అడ్డంగా గీత గీసి, "అక్టోబరు నుంచి జనవరి దాకా, పదిహేను నెలలు చెరువుకు వెళ్లలేదు. నాన్న ఆరోగ్యం" అని రాశాను. దాని కింద ఫొటో, వాయిస్ ఆధారం ఉన్నవాటిని మాత్రం తేదీలతో ఎక్కించి, పక్కన "అనుకోకుండా చూసినవి" అని పెట్టాను. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈ-బర్డ్ యాప్‌లో ఇలాంటివాటికి ఇన్సిడెంటల్ అని వేరే గడే ఉంది, అందులోనూ వేశాను. గుర్తున్నవి, అనిపించినవి అన్నీ వదిలేశాను. కొంచెం బాధేసింది, ముఖ్యంగా ఆస్పత్రి పార్కింగులో ఒక రాత్రి చూసిన గుడ్లగూబ విషయంలో. ఏ రాత్రో తెలీదు మరి.

ఇలా తెగిన వరసలకు విలువ ఉండదేమోనన్న దిగులు ఉన్నవాళ్లకు జపాన్ సంగతి చెప్పాలి. క్యోటో నగరంలో చెర్రీ పూలు విరగబూసిన రోజులు 9వ శతాబ్దం నుంచీ దొరుకుతాయి. రాజకొలువు వాళ్లు, సన్యాసులు రాసుకున్న డైరీల్లోంచి తర్వాతి కాలం పరిశోధకులు ఏరినవి అవి. మధ్యలో రికార్డు దొరకని ఏళ్లు ఎన్నో ఉన్నాయి. అయినా వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ పూత ముందుకు జరుగుతోందని చూపించడానికి ప్రపంచమంతా వాడే లెక్కల్లో అదొకటి. పన్నెండు వందల ఏళ్ల వరసలోనే తెగిన చోట్లుంటే నా పదిహేను నెలలెంత?

ఇక రెండో తగాదా: మళ్లీ చెరువుకే వెళ్లాలా, ఇంటి దగ్గరే మొదలుపెట్టాలా? నా మనసంతా చెరువు మీదే. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు మాది. చలికాలంలో గరిటె మూతి బాతులు బారులు తీరతాయి. కనుమ మర్నాడు తెల్లారకముందే బైనాక్యులర్స్ వేసుకుని వెళ్లాను. లెన్సు లోపల బూజు. ఒక్క వానాకాలం బీరువాలో మూసి పెట్టినందుకు! సరే, కంటితోనే చూద్దామనుకుంటే కన్నూ చెవీ రెండూ తుప్పు పట్టాయి. నామాల కోళ్లు, నీటికాకులు, బుడుబుంగలు ఫర్వాలేదు. ఒడ్డున ఉల్లంకి పిట్టలు తోక ఆడిస్తూ తిరుగుతుంటే, అవి వుడ్ శాండ్‌పైపర్లో గ్రీన్ శాండ్‌పైపర్లో చెప్పలేకపోయాను. ఎగిరినప్పుడు రెక్క కింద నల్లగా ఉంటే గ్రీన్ అని పాత పుస్తకంలో నేనే రాసుకున్నాను. అవి ఎగిరాయి, నేను చూసేలోపు వాలాయి. పాతరోజుల్లో గంటలో ముప్పై రకాలు రాసేవాణ్ణి, ఆ రోజు పద్నాలుగు. మనసంతా ఇంటి దగ్గరే ఉంది, నాన్న లేచారా, టాబ్లెట్ వేసుకున్నారా అని టెన్షన్. ఏడున్నరకల్లా వెనక్కి వచ్చేశాను.

దానికి బదులు మా గేటు ముందు కానుగ చెట్టుంది. సీజన్‌వాచ్ అని చెట్ల రుతువులు గమనించేవాళ్ల కార్యక్రమం మన దేశంలో చాలా ఏళ్లుగా నడుస్తోంది. ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి చూడటమే పని. చిగురు, ముదురాకు, మొగ్గ, పువ్వు, కాయ, వీటికి లేవు, కొన్ని, చాలా అని మూడే జవాబులు. ఐదు నిమిషాలు చాలు. ఇంట్లో మంచం మీద మనిషి ఉన్నప్పుడు కూడా ఇది కుదిరేది. పదిహేను నెలల కిందటే ఈ పని చేసి ఉంటే నా పుస్తకం ఆగేదే కాదు. ఈ మాట రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, ఎందుకంటే చెట్లు చూసేవాళ్లను వెనకటికి నేను కాస్త ఎగతాళి చేసేవాణ్ణి, కదలనిదాన్ని చూడటమేంటని.

అయితే కానుగ మేలా, చెరువు మేలా? తీరిక ఉంటే చెరువే, అందులో నాకు అనుమానం లేదు. వలస బాతులు కానుగ మీద వాలవు కదా. కానీ తిరిగి మొదలుపెట్టే మనిషికి మొదటి రెండు మూడు నెలలు గేటు ముందరి చెట్టే మేలు. చెరువుకు వెళ్లి పద్నాలుగు రకాలతో తిరిగొస్తే మళ్లీ వెళ్లబుద్ధి కాదు, నాకు రెండు వారాలు అదే అయింది. కానుగ దగ్గర ఓడిపోవడం ఉండదు.

పుస్తకమా, యాపా అన్నది నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, రెండూ ఉంచుకున్నాను. ఒక్క విషయంలో మాత్రం యాప్ నాకు బుద్ధి చెప్పింది. ఈ-బర్డ్ ఎంతసేపు చూశావు, ఎంత దూరం నడిచావు అని అడుగుతుంది. చివర్లో, గుర్తుపట్టిన పక్షులన్నీ రాశావా అంటుంది. అవునంటే, రాయని పిట్ట ఆ వేళ నీ కంట పడలేదని అర్థం. నేను ఇందాక కొట్టుకున్న "లేదు, చూడలేదు" గొడవ తీర్చే ప్రశ్న అదే. నా పాత పుస్తకంలో "బాతులు 60" అని ఉంటుంది, పది నిమిషాల్లోనా, రెండు గంటల్లోనా అన్నది ఉండదు. ఇప్పుడు పుస్తకంలో కూడా పక్కన నిమిషాలు రాస్తున్నాను.

మంచిరోజు కోసం ఆగడం గురించి కూడా ఒక మాట. ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని, ప్రపంచమంతా జనం పక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం వస్తుంది, నాలుగు రోజులు, పదిహేను నిమిషాలు చూసినా చాలు. దానితో మొదలుపెడదామని ఒక స్నేహితుడు ఊరించాడు. దానికి వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ దానికోసం ఆగితే ఆ రోజు జ్వరం వస్తుంది, నాకు తెలుసు. నేను ఉత్త మంగళవారం మొదలుపెట్టాను.

మంగళవారం పొద్దున 7.20 నుంచి 7.35. వాకిట్లో కుర్చీ వేసుకుని నాన్న కూడా కూర్చున్నారు. గోరింకలు నాలుగు, పికిలి పిట్టలు రెండు, లకుముకి ఒకటి, అది ఎక్కడి నుంచి వచ్చిందో. చిలకలు పదకొండని నేను, పన్నెండని నాన్న. పదకొండు రాశాను. కానుగ: ముదురాకు చాలా, చిగురు లేదు, మొగ్గ లేదు, ఎండుకాయలు కొన్ని.