ఐదేళ్ళు రెండు పిల్లుల్ని పెంచాక రాస్తున్న రివ్యూ: పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న ఇంటికి ఎలాంటి పిల్లి?

మిక్సీకి రాసినట్టు పిల్లికి రివ్యూ ఏంటి అని మా ఆయన నవ్వుతున్నారు. మిక్సీ నచ్చకపోతే అటక మీద పడేయొచ్చు, పిల్లి పన్నెండు పదిహేనేళ్ళు ఇంట్లో తిరుగుతుంది, కాబట్టి నిజానికి దీనికే రివ్యూ కావాలి. ముందే చెప్తున్నా, ఫోన్‌లో పిల్లలు అని కొడితే పిల్లులు అని పడుతోంది, ఎక్కడైనా తేడా వస్తే సర్దుకుని చదువుకోండి.

మాది విజయవాడ, మూడో అంతస్తులో ఫ్లాట్. పిల్లిని తెచ్చేనాటికి మా అమ్మాయికి 9, చిన్నోడికి 5, అత్తయ్య గారికి 72. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, చెవి కొంచెం తక్కువ, రక్తం పలచబడటానికి మాత్ర వేసుకుంటారు, చిన్న గీత పడినా రక్తం ఒక పట్టాన ఆగదు. పిల్లిని ఎంచుకునేటప్పుడు చూసుకోవాల్సింది ఇవే, మేము చూసుకోలేదు, కళ్ళ రంగు చూసుకున్నాం.

మొదటిది స్నోయీ. 2020 చివర్లో ఆన్‌లైన్ క్లాసులతో పిల్లలకి పిచ్చెక్కిపోతుంటే ఒక పెట్ షాపులో 12 వేలు పెట్టి తెచ్చాం, పొడుగు బొచ్చు పర్షియన్ జాతి, డాల్ ఫేస్. డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ అని మొహం లోపలికి నొక్కుకుపోయిన కొద్దీ రేటు పెంచుతారు, ఆ నొక్కుడు మొహం వాటికి ఊపిరి కష్టమనీ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయనీ తర్వాత తెలిసింది, అంత డబ్బు పెట్టలేక డాల్ ఫేస్‌తో ఆగడం మా అదృష్టం. రెండు నెలల పిల్ల అన్నారు, డాక్టర్ పళ్ళు చూసి నెలన్నర కూడా ఉండదన్నారు. ఆటలో ఎంత గట్టిగా కొరకొచ్చో పిల్లి కూనలు తల్లి దగ్గర, తోబుట్టువులతో కొట్టుకుంటూ నేర్చుకుంటాయట, ముందే లాక్కొచ్చేస్తే ఆ పాఠం మిగిలిపోతుంది. స్నోయీ ఆ పాఠం మా చిన్నోడి వేళ్ళ మీద నేర్చుకుంది.

పర్షియన్ అంటే శాంతం అంటారు, అబద్ధం కాదు, కానీ కూనగా ఉన్నప్పుడు ఏ జాతైనా కోతే. తెల్లవారుజామున మూడింటికి హాల్లో పరుగులు, కర్టెన్లకి వేలాడటం, అత్తయ్య గారి చీర కుచ్చిళ్ళు పట్టుకుని పైకెక్కడం. ఒక రాత్రి ఆవిడ బాత్రూమ్‌కి లేస్తే చీకట్లో కాళ్ళ మధ్య దూరింది, గోడ పట్టుకోబట్టి సరిపోయింది గానీ ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏంటి పరిస్థితి. అందరూ పిల్లి గీరుతుందని భయపడతారు, నాకైతే ముసలివాళ్ళున్న ఇంట్లో అది కాళ్ళకి అడ్డం పడటమే పెద్ద భయం. మర్నాడే బాత్రూమ్ దారిలో నైట్ బల్బు పెట్టాం, దాని మెడకి గజ్జె కట్టాం. మెడ పట్టీ మాత్రం లాగితే ఊడిపోయే రకం తీసుకోండి, లేకపోతే ఏ కిటికీ గ్రిల్‌కో తగులుకుని ఉరి పడుతుంది.

ఇక ఆ బొచ్చు. రోజూ దువ్వాలి అని షాపులో చెప్పారు, రోజూ అంటే రోజూ అని మాకు అర్థం కాలేదు. నాలుగు రోజులు మానేస్తే చంకల కింద, తొడల దగ్గర ఉండలు కట్టేస్తుంది, అది చర్మాన్ని లాగుతుంటే పిల్లికి నొప్పి, ముట్టుకుంటే చిరాకు, అప్పుడు మనం పిల్లి మంచిది కాదు అంటాం. అత్తయ్య గారు దువ్వుతానని సరదా పడ్డారు గానీ ఆవిడ వేళ్ళకి ఆ దువ్వెన పట్టు దొరకదు. మే నెలలో బెజవాడ ఎండకి ఏసీ గది వదిలి రాదు, మొదటి వేసవిలో గుండు చేయించాల్సి వచ్చింది, తడిసిన పిల్లి అంటారే, ఎండాకాలమంతా అలాగే తిరిగింది. ఒకసారి ఆవిడ ప్రేమకొద్దీ గిన్నెడు పాలు పోశారు, పెద్దయిన పిల్లులు చాలావాటికి పాలు అరగవని మాకేం తెలుసు, విరేచనాలు, ఆ పొడుగు బొచ్చు, ఆ తెలుపు... ఆ సాయంత్రం గురించి ఇంతకన్నా రాయను.

తిండి దగ్గర ఇంకో గొడవ. మా ఇంట్లో గుడ్డు కూడా రాదు. పెరుగన్నం పెడితే చాలదా అన్నారు అత్తయ్య గారు. చాలదు. పిల్లికి టారిన్ అనే పదార్థం కావాలి, అది మాంసం చేపల్లోనే దొరుకుతుంది, లేకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది అని డాక్టర్ ఆవిడకే ఎదురుగా చెప్పారు. రెండు రోజులు ఆలోచించి, ప్యాకెట్ ఫుడ్ అయితే వంట చెయ్యక్కర్లేదు కాబట్టి యుటిలిటీ బాల్కనీ దాకా రానిస్తాను, వంటింటి గడప దాటకూడదు అన్నారు. ఆ రూలు ఇప్పటికీ నడుస్తోంది. దేవుడి గదికి మాత్రం తలుపు పెట్టించాం.

మాత్రల సంగతి అసలు మర్చిపోకండి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ మంచం పక్కన డోలో షీటు ఉండాల్సిందే కదా, పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. ఇది మాకు తెలిసిన రోజు సాయంత్రం ఆవిడ చేతిలోంచి సగం మాత్ర జారి మంచం కిందకి పోయింది, ఇంటిల్లిపాదీ టార్చిలు పట్టుకుని నేల మీద పాకాం. ఇప్పుడు మందులన్నీ మూత డబ్బాలోనే.

ఇంతా చెప్పి స్నోయీకి మార్కులు తక్కువేస్తానా అంటే లేదు. ఆరో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, రెండేళ్ళు దాటేసరికి అదే పిల్లి దిండులా అయిపోయింది, ఎత్తుకుంటే ఎత్తుకోనిస్తుంది, దించితే దిగుతుంది. అప్పుడు నాకు తట్టింది, మేము గెలిచింది పర్షియన్ వల్ల కాదు, వయసు వల్ల. ఆ మొదటి రెండేళ్ళే అత్తయ్య గారికి ప్రమాదం.

అందుకే రెండోసారి కూన వద్దనుకున్నాం. నాకు తెలిసినావిడ ఒకరు రోడ్డు మీద దొరికిన పిల్లుల్ని ఇంట్లో పెట్టుకుని సాకుతుంటారు, వాళ్ళింటికి అందరం వెళ్ళాం, అత్తయ్య గారిని కూడా తీసుకెళ్ళాం. ఇదే నేనిచ్చే ఒకే ఒక్క సలహా, ఎవరి కోసం పిల్లో వాళ్ళని తీసుకెళ్ళండి, వెళ్ళి గంట కూర్చోండి. పిల్లలేమో ఆకుపచ్చ కళ్ళ కూన కావాలని ఒకటే గోల. అత్తయ్య గారు కుర్చీలో కూర్చున్నారు, ఎవరినీ పిలవలేదు, మూడు రంగుల నాటు పిల్లి ఒకటి మెల్లగా వచ్చి ఆవిడ చెప్పుల పక్కన పడుకుంది. మూడేళ్ళుంటాయి అన్నారు. నేను తల నిమిరాను, తర్వాత పంజా పట్టుకుని కొంచెం నొక్కాను, వెనక్కి లాక్కుంది గానీ గోరు తియ్యలేదు. చిన్నోడు కావాలనే స్టీలు ప్లేటు కింద పడేశాడు (వాడికి చెప్పింది నేనే), లేచి సోఫా కిందకి పరిగెత్తింది, రెండు నిమిషాలకి తనే బయటికొచ్చింది. నాకు కావాల్సింది అదే. భయపడని పిల్లి ఉండదు, భయమేస్తే పారిపోయేదా మీద పడేదా, పారిపోయింది మళ్ళీ వస్తుందా రాదా, అది చూడాలి. పిలవగానే ఒళ్ళో దూకేదాన్ని చూసి మోసపోకండి, ఆకలైనా దూకుతుంది.

తెచ్చిన రోజు సుబ్రహ్మణ్య షష్ఠి, సుబ్బులు అని అత్తయ్య గారే పేరు పెట్టారు. మూడు రంగులుంటే దాదాపు ఎప్పుడూ ఆడదే అవుతుందని డాక్టర్ చెప్పారు, పేరు కూడా కుదిరింది. స్నోయీతో పది రోజులు వేరు గదులు, ఒకదాని గుడ్డ ఇంకోదాని దగ్గర వేసి వాసన అలవాటు చేశాం, కొంచెం బుసలు, అంతే.

మూడేళ్ళయింది సుబ్బులొచ్చి. పొట్టి బొచ్చు, వారానికోసారి దువ్వితే చాలు, ఎండకి తట్టుకుంటుంది. గీరింది ఒక్కసారే, తప్పు మా చిన్నోడిదే, తింటున్నప్పుడు తోక పట్టుకున్నాడు. పావుగంట సబ్బు నీళ్ళతో కడిగి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం, పిల్లికి రేబిస్ టీకా ఉన్నా సరే డాక్టర్ ఇంజెక్షన్లు రాశారు, అన్నీ వేయించాం, ఇందులో ఏమవుతుందిలే అనుకోవడం కుదరదు. అప్పట్నుంచి ఇంట్లో రూలు: తినేటప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోకూడదు, తోక నేలకేసి కొడుతోందంటే వదిలేయాలి.

ర్యాగ్‌డాల్ జాతి పిల్లి ఎలా ఉంటుంది అని చాలామంది అడుగుతున్నారు. డల్లాస్‌లో మా ఆడపడుచు వాళ్ళింట్లో ఉంది, ఎత్తుకుంటే గుడ్డబొమ్మలా వాలిపోతుంది, నిజంగా సాధువు, కానీ మగది ఏడెనిమిది కిలోలుంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ ఒళ్ళో అది కూర్చుంటే ఇక లేచినట్టే. దానికీ దువ్వుడు తప్పదు. బెంగాల్ పిల్లి చూడ్డానికి చిరుతలా బావుంటుంది, దాని ఉరుకులకి పెద్దవాళ్ళున్న ఇల్లు సరిపోదు. ఎలర్జీ ఉన్నవాళ్ళు పొట్టి బొచ్చుదైతే పర్లేదు అనుకోకండి, తుమ్ములు తెప్పించే ప్రోటీన్ ఎక్కువగా దాని లాలాజలంలో ఉంటుంది, ఒళ్ళు నాక్కున్నప్పుడు బొచ్చంతా అంటుకుంటుంది, బొచ్చు లేని పిల్లికైనా అంతే. గర్భిణులు ఇంట్లో ఉంటే లిట్టర్ (పిల్లి దొడ్డికెళ్ళే ఇసుక) వాళ్ళతో తీయించకండి, మిగతావాళ్ళు ఏ రోజుకారోజు తీసేయండి.

ఖర్చు రెండిటికీ కలిపి నెలకి మూడు వేల దాకా అవుతోంది, టీకాలు వేరు. బాల్కనీలోంచి పిల్లి పడకుండా ఆపుతుందని పావురాల కోసం కట్టే నైలాన్ వలని నమ్మొద్దు, స్నోయీ నెల రోజుల్లో కొరికి చెయ్యి దూరేంత కన్నం చేసింది, ఇనుప మెష్ వేయించాక గానీ నాకు నిద్ర పట్టలేదు. పిల్లి రాకముందే వేయించండి.

సుబ్బులు వచ్చే ముందు అత్తయ్య గారు ఒక మాటన్నారు, నా తర్వాత దీన్నెవరు చూస్తారే అని. మేమున్నాం కదా అన్నాను. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి పిల్లిని ఇద్దామనుకునేవాళ్ళు మాత్రం ఈ లెక్క ముందే వేసుకోండి, అలాంటి చోటికి ఏడెనిమిదేళ్ళ పిల్లైనా నయమే, ఆ వయసువాటిని ఎవరూ తీసుకెళ్ళరు, పాపం.

సుబ్బులు మీద కంప్లైంట్లు రెండే. మల్లె కుండీలో మట్టి తవ్వుతుంది. తెల్లవారి నాలుగున్నరకి తలుపు దగ్గర కూర్చుని అరుస్తుంది, ఇదైతే మాకే గానీ అత్తయ్య గారికి కంప్లైంట్ కాదు, ఆవిడకి ఎలాగూ నాలుగింటికే మెలకువ. పిల్లి ఎదురొస్తే ఆగి మంచినీళ్ళు తాగి వెళ్ళాలని ఒకప్పుడు మాకు చెప్పిందీ ఆవిడే, ఇప్పుడు రోజుకి ఇరవై సార్లు ఎదురొస్తోంది, డాక్టర్ ఎలాగూ నీళ్ళు బాగా తాగమన్నారులే అంటున్నారు.